కథల చర్చల్లో వినిపించే ఆ మాటలు నాకు ఎలా అర్థమయ్యాయంటే

వస్తువు (కథ దేని గురించి), ఇతివృత్తం, శిల్పం (కథను ఎలా చెప్పారు), దృష్టికోణం, ప్రతీక... కథల గురించి ఎవరు మాట్లాడినా ఈ మాటలే వస్తున్నాయి, నిర్వచనాలు చదివినా బుర్రకెక్కడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేనూ చాలాకాలం ఇదే ఇబ్బంది పడ్డాను. నిర్వచనాలు నోట్‌బుక్‌లో రాసుకుని బట్టీ పట్టాను కూడా. పరీక్షకైతే పనికొస్తాయేమో, కథ చదివేటప్పుడు ఒక్కటీ గుర్తురాలేదు.

నాకు మొదట అర్థమైన మాట దృష్టికోణం, అంటే కథను ఎవరి కళ్ళతో చూస్తున్నాం అన్నది. అదీ నా కథ దెబ్బతిన్నాక. ఒక స్నేహితురాలికి నా కథ చూపిస్తే, ‘దృష్టికోణం చెదిరింది’ అని పక్కన రాసి ఇచ్చింది. ఆమె గీత గీసిన చోటు ఇది:

‘సరళ తలుపు తీసింది. ఎదురుగా అన్నయ్య. ఇన్నాళ్ళకి చెల్లెలు గుర్తొచ్చిందా? ఆమె కళ్ళలోని కోపం చూసి అతనికి భయమేసింది. లోపలి గదిలో తల్లి పాత రోజులు తలచుకుంటోంది.’

తప్పేముందో నాకు చాలాసేపు అర్థం కాలేదు. తలుపు తీసినప్పుడు మనం సరళ మనసులో ఉన్నాం. మరుక్షణం అన్నయ్య భయంలోకి వెళ్ళాం. ఆ వెంటనే గోడ దాటి తల్లి ఆలోచనల్లోకి దూరాం. అయిదు వాక్యాల్లో ముగ్గురి మనసులు తిరిగాక చదివేవాళ్ళు ఎవరి పక్కన నిలబడాలి? కథ చెప్పేవాడికి అందరి మనసులూ తెలిసి ఉండొచ్చు. దాన్ని సర్వసాక్షి కథనం అంటారు, అది తప్పు కాదు. కానీ నాది ఎంచుకుని చేసిన పని కాదు, చూసుకోక జరిగింది.

అదే పేరాలో ‘ఇన్నాళ్ళకి చెల్లెలు గుర్తొచ్చిందా?’ అన్న వాక్యం చూడండి. కొటేషన్లు లేవు, ‘అనుకుంది’ లేదు. అయినా అది సరళ మాటే అని తెలిసిపోతుంది. కథకుడి గొంతులోకి పాత్ర గొంతు కలిసిపోయే ఈ పద్ధతిని ఇంగ్లీషు విమర్శకులు ఫ్రీ ఇండైరెక్ట్ స్టైల్ అంటారు. పేరు తెలియకుండానే మనం రోజూ చదువుతున్నదే.

తెలుగులో ఇంకో సంగతి ఉంది. ఇంగ్లీషులో ‘హీ’ ఒక్కటే. మనకు వాడు, అతను, ఆయన ఉన్నాయి. తండ్రి గురించి కథకుడు ‘ఆయన’ అన్నాడా, ‘అతను’ అన్నాడా అన్న దగ్గరే ఎంత దూరంలో నిలబడి చూస్తున్నాడో బయటపడుతుంది. మొదట ‘ఆయన’ అన్న కథ, మధ్యలో ఒక సంఘటన తర్వాత ‘అతను’ అనడం మొదలుపెడితే ఎవరి గౌరవం ఎప్పుడు పోయిందో వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఏ కథ చదివినా నేను ముందు చూసేది సర్వనామాలే.

కథకీ ప్లాట్‌కీ తేడా ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1927లో ఒక ఉదాహరణతో చెప్పాడు. రాజు చనిపోయాడు, తర్వాత రాణి చనిపోయింది అంటే కథ. రాజు చనిపోయాడు, ఆ దిగులుతో రాణి చనిపోయింది అంటే ప్లాట్. కారణం వచ్చి చేరింది, అంతే తేడా. ఇతివృత్తం అన్న మాటను మాత్రం కొందరు ప్లాట్ అనే అర్థంలో, కొందరు థీమ్ (కథ దేని గురించో ఆ విషయం) అనే అర్థంలో వాడతారు. అయోమయం మీది కాదు, మాటదే. ఎవరైనా ఆ మాట వాడితే ఏ అర్థంలో అన్నారో అడిగేయండి.

ప్రతీకనీ పోలికనీ నేను కలిపేసేవాణ్ణి. పోలిక సాధారణంగా ఆ వాక్యంతో అయిపోతుంది. ప్రతీక కథలో ముందు ఒక మామూలు వస్తువు. తలుపు వెనక వేలాడే నాన్న గొడుగు అనుకోండి. మొదట అది వాన కోసమే. నాన్న పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోరు. చివర్లో కూతురు వాన లేని రోజున దాన్ని తీసుకుని బయటికి వెళుతుంది. గొడుగు గొడుగుగానే ఉంది, కానీ మళ్ళీ మళ్ళీ రావడం వల్ల దానిలోకి అర్థం చేరింది. ఒక్కసారే కనిపించిన ప్రతి వస్తువునీ ప్రతీక అనేస్తే కథకు అన్యాయం చేసినట్టే.

వ్యంగ్యం దగ్గర జాగ్రత్త. రోజువారీ మాటల్లో అది ఎత్తిపొడుపు. సంస్కృత కావ్యాల గురించి చర్చించే అలంకారశాస్త్రంలో మాత్రం సూచనగా అందే అర్థం. తొమ్మిదో శతాబ్దంలో కశ్మీర అలంకారికుడు ఆనందవర్ధనుడు ధ్వని అనే పేరుతో చెప్పింది ఈ రెండోదాని గురించే. ‘గంగలో పల్లె’ అంటే గంగ ఒడ్డున ఉన్న పల్లె అని అర్థం. కానీ ఆ మాటతో పాటు చల్లదనం, పవిత్రత కూడా మనకు అందుతాయి. పైన గొడుగు చేసిందీ దాదాపు ఇదే పని. ఇక ఐరనీ అనేది వేరే. పాత్రకు తెలియంది మనకు తెలిసి ఉండటం లాంటివి అందులోకి వస్తాయి.

పూర్వసూచన, అంటే జరగబోయేదాన్ని ముందే లీలగా సూచించడం, చాలాసార్లు రెండోసారి చదివితేనే దొరుకుతుంది, అందుకే దానికోసం ఇప్పుడు వెతక్కండి. చైతన్య స్రవంతి (పాత్ర ఆలోచనల్ని మనసులో పారినట్టే రాసే పద్ధతి) లాంటివీ కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మీకు బాగా నచ్చిన చిన్న కథ ఒకటి తీసుకుని, పెన్సిల్‌తో ఒక్క పని చేయండి. ఎవరి కళ్ళతో చూస్తున్నామో అది మారిన ప్రతిచోటా గీత పెట్టండి. గీతలున్న చోట్లు ఇక్కడ పెడితే కూర్చుని మాట్లాడుకుందాం.