సెకండ్ హ్యాండ్ మిడి కీబోర్డు: ముందు నంబర్లు చూడు

చి. లాస్యకి,

పెదనాన్న ఆశీస్సులు. ఎవరో వాడిన మిడి కీబోర్డు కొన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. 49 మెట్లట, మాన్యువల్ లేదట, లాప్‌టాప్‌కి పెడితే లైట్లు వెలిగాయి గానీ సౌండ్ రాలేదట. టెన్షన్ పడకు. దాని లోపల స్వరాలేవీ ఉండవు. ఏ మెట్టు నొక్కావు, ఎంత బలంగా నొక్కావు, ఎప్పుడు వదిలావు అనేది నంబర్లుగా కంప్యూటరుకి పంపుతుంది, అంతవరకే దాని పని. పలకాల్సింది కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్. అందుకే పాత సరుకుని చెవితో కాదు, ముందు కంటితో పరీక్షించాలి.

నీది విండోస్ కాబట్టి మిడి-ఆక్స్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకో. వచ్చే ప్రతి సందేశాన్నీ తెర మీద చూపిస్తుంది. నంబర్ల మధ్య ఏ, బీ, సీ అక్షరాలు కనపడితే సెట్టింగుల్లోకి వెళ్ళి మామూలు దశాంశ సంఖ్యలకి మార్చు. అసలు ఏమీ కనపడకపోతే మొదట వైరుని అనుమానించు. ఫోన్ వైర్లలో కొన్ని చార్జింగుకే పనికొస్తాయి, డేటా పోదు. లైట్లు వెలిగేది, పని చేయనిది చాలాసార్లు ఇందుకే. వెనక చదరపు యూఎస్‌బీ సాకెట్ ఉంటే ప్రింటర్ వైరు సరిపోతుంది. హబ్ లేకుండా నేరుగా లాప్‌టాప్‌కే పెట్టు.

వైరు మంచిదైనా కనపడకపోతే, ఆ మోడల్‌కి డ్రైవర్ (దాన్ని విండోస్ గుర్తుపట్టేలా చేసే చిన్న ప్రోగ్రాం) కావాలేమో చూడు. కొన్ని పాత మోడళ్ళకి కంపెనీలు కొత్త విండోస్ కోసం డ్రైవర్ చేయలేదు. అప్పుడూ దారి ఉంది. వెనక 5 పిన్నుల గుండ్రటి మిడి అవుట్ సాకెట్ ఉందా? ఉంటే యూఎస్‌బీ-మిడి అడాప్టర్ కొని దాని ద్వారా కలుపు. 1983లో మిడి పద్ధతి వచ్చినప్పటి వాయిద్యాలు కూడా అలా ఇవాళ్టి కంప్యూటరుతో మాట్లాడతాయి. అడాప్టర్ వైరు మీద ఇన్ అని రాసి ఉన్న కొన సాధారణంగా కీబోర్డు అవుట్‌లోకి వెళ్తుంది, అక్కడ అందరూ తికమక పడతారు. గుండ్రటి సాకెట్ వాడితే కీబోర్డుకి కరెంటు వేరే ఇవ్వాల్సి రావచ్చు. ఇంట్లో ఉన్న ఏదో ఒక అడాప్టర్ గుచ్చేయకు. ఎన్ని వోల్టులు, మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్నది కీబోర్డు మీదే రాసి ఉంటుంది, చూసి తెచ్చుకో.

ఇక నంబర్లు వస్తున్నాయనుకుందాం. ఎడమ చివరి మెట్టు 36, సరిగ్గా మధ్య సీ 60, కుడి చివర 84 రావాలి. ఎడమ చివర 48 వస్తే ఎవరో ఆక్టేవ్ బటన్ (మొత్తాన్నీ ఒక స్థాయి పైకో కిందకో జరిపేది) నొక్కి వదిలేశారన్న మాట. పాత యజమాని మార్చిన చానల్, ట్రాన్స్‌పోజ్ (మెట్లు మార్చకుండానే శ్రుతి మార్చేది) లాంటివి ఇంకేమైనా ఉంటాయని ఫ్యాక్టరీ రీసెట్ చేసేయ్. అడుగున ఉన్న మోడల్ నంబరుతో కంపెనీ సైట్లో మాన్యువల్ వెతికితే ఏ బటన్లు పట్టుకోవాలో ఉంటుంది.

తర్వాతది ఓపిగ్గా చేయాల్సిన పని. ప్రతి మెట్టునీ మెల్లగా ఒకసారి, మామూలుగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కు. బలం నంబరు 1 నుంచి 127 దాకా ఉంటుంది, నీ వేలిని బట్టి మారాలి. ఒక మెట్టు ఎలా నొక్కినా 127 చూపిస్తోందంటే దాని కింద దుమ్ము చేరిందని ఎక్కువ అనుమానం. ప్రతి మెట్టు కిందా రబ్బరులో రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది తగిలాక రెండోది ఎంతసేపటికి తగిలిందో చూసి బలం లెక్క కడుతుంది. మధ్యలో మురికి ఉంటే ఆ లెక్క తప్పుతుంది. విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలావరకు బాగవుతుంది. నువ్వేమీ ముట్టుకోకుండానే నంబర్లు పరిగెడుతుంటే మాత్రం అది మెట్ల లోపం కాదు, ఏదో నాబ్ గానీ వీల్ గానీ అరిగిపోయింది. నాబ్ అయితే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని దేనికీ కలపకుండా వదిలేస్తే సరి. స్వరాన్ని పైకీ కిందకీ లాగే పిచ్ వీల్ అయితే అలా వదలలేం, బాగు చేయించాలి. గమకాలకి అదే ఆధారం కదా. మామూలుగా అది అటూ ఇటూ రెండేసి అర్ధస్వరాలు లాగుతుంది, ఆ హద్దుని సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవచ్చు.

సౌండ్ కోసం ఇప్పుడే ఏమీ కొనకు. సర్జ్ ఎక్స్‌టి, డెక్స్‌డ్ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. కొత్త కీబోర్డుతో పాటు ఇచ్చే సాఫ్ట్‌వేర్ కోడ్ చాలాసార్లు మొదట కొన్నవాళ్ళ పేరు మీదే ఖర్చయిపోయి ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోకు. మెట్టు నొక్కాక సౌండ్ ఆలస్యంగా వస్తే అసియో4ఆల్ అనే ఆడియో డ్రైవర్ వేసి బఫర్ (సౌండ్‌ని ఎంతెంత ముక్కలుగా పంపాలో చెప్పే సైజు) 256 పెట్టు, బఫర్ వల్ల వచ్చే ఆలస్యం సుమారు 6 మిల్లీసెకన్లే ఉంటుంది. 1024 పెడితే 23 అవుతుంది, అది చేతికి తెలిసిపోతుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వద్దే వద్దు, వైరుదే పెట్టుకో.

ట్రాన్స్‌పోజ్ బటన్ జోలికి వెళ్ళకు. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో మేమంతా దాని మీదే బతికాం, నిజమే, కానీ నీకు తొందరేముంది? ఐదు శ్రుతిలో పాడతావు కాబట్టి నీ షడ్జమం జీ. జీ నుంచే మాయామాళవగౌళ పట్టు: జీ, ఏ ఫ్లాట్, బీ, సీ, డీ, ఈ ఫ్లాట్, ఎఫ్ షార్ప్. మొదట్లో వేళ్ళు తడబడతాయి.

మంచం మీద పెట్టి వాయించకు, మణికట్లు పోతాయి. హార్మోనియంలా కింద కూర్చుని వాయించాలనుంటే పీట మీద పెట్టుకో, కాకపోతే కాలి పెడల్ వాడలేవు. కుర్చీలో కూర్చుంటే మోచేతులు మెట్లకి సమానంగా గానీ కాస్త పైన గానీ ఉండాలి. పెడల్ కొంటే ఆన్ చేసే ముందే దాన్ని గుచ్చి, కాలు తీసేసి ఆన్ చెయ్. చాలా కీబోర్డులు ఆ క్షణంలోనే పెడల్ ఎటు పనిచేస్తుందో గుర్తు పెట్టుకుంటాయి. కాలు దాని మీద ఉంటే తిరగబడిపోతుంది.

తేడాగా ఉన్న మెట్లేవో నంబర్లతో సహా రాసి వాట్సాప్‌లో పెట్టు. విప్పడం మాత్రం నేను వచ్చాకే, లోపలి రిబ్బన్ వైరు లాగితే ఊడి వస్తుంది.

పెదనాన్న