పాత చేతక్ పికప్ పోయింది... మెకానిక్ మీద కేసు నిలబడుతుందా?

ప్రశ్న: మాది తెనాలి. మా నాన్నగారు పోయాక ఆయన 1983 మోడల్ బజాజ్ చేతక్ మూలన పడి ఉంటే, విజయవాడలో పాత స్కూటర్లు బాగుచేసే ఒక మెకానిక్‌కు ఇచ్చి ఇంజను పని, పెయింటింగ్ అన్నీ చేయించాను. 46 వేలు ఫోన్‌పేలో కట్టాను. బిల్లు ఇవ్వలేదు, ఏమేం మార్చాడో కాగితం మీద రాసి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. బండి ఇంటికి వచ్చినప్పటి నుంచి నాలుగైదు కిలోమీటర్లు వెళ్లేసరికి పికప్ పడిపోయి ఆగిపోతోంది. పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఫ్లైఓవర్ మీద రెండో గేరులో కూడా లాగడం లేదు. పొగ ఎక్కువగా ఉంది. అడిగితే ‘ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, అందుకే. మళ్లీ ఇంజను విప్పాలంటే ఇంకో 9 వేలవుతుంది’ అంటున్నాడు. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. నేను కేసు వెయ్యవచ్చా? పెట్రోలు బంకు మీద కూడా వెయ్యాలా?

జవాబు: మెకానిక్ మీద వెయ్యవచ్చు. డబ్బిచ్చి పని చేయించుకున్నది మీరు కాబట్టి వినియోగదారుడు మీరే. ఆర్సీ ఎవరి పేరు మీద ఉందన్నది ఈ కేసుకు అడ్డం కాదు. అయితే నోటీసు రాయించే ముందు బండికి జబ్బేమిటో తేల్చుకోండి. ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువగా వీగిపోయేది అక్కడే. ‘బాగుచేయించాను, బాగుకాలేదు’ అంటే సరిపోదు. సేవలో లోపం ఉందని రుజువు చేయాల్సిన భారం ఫిర్యాదుదారుడిదేనని సుప్రీంకోర్టు 1999లోనే రవ్‌నీత్ సింగ్ బగ్గా కేసులో స్పష్టంగా చెప్పింది. నలభై ఏళ్లు దాటిన ఇంజను ఆగిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. వాటిలో మెకానిక్ చెయ్యాల్సి ఉండి చెయ్యని పని ఏదో మీరు చూపించాలి.

ఈసారి బండి ఆగిన వెంటనే, ఇంకా వేడిగా ఉండగానే, తెలిసిన ఇంకో మెకానిక్ చేత ప్లగ్ విప్పించి చూడండి. ప్లగ్ పొడిగా ఉంటే ఇంజనుకు పెట్రోలు అందడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వే సరిగా రావడం లేదు. ఆ కాలపు చేతక్‌లో ప్లగ్‌కు నిప్పురవ్వ అందించడానికి పాయింట్లు, కండెన్సర్ ఉంటాయి. చల్లగా ఉన్నంతసేపూ బాగానే పనిచేసి, వేడెక్కగానే కండెన్సర్ చేతులెత్తెయ్యడం మామూలే. ప్లగ్ పొడిగా ఉంటే ట్యాంకు మూత తీసి మళ్లీ పెట్టి స్టార్ట్ చెయ్యండి. వెంటనే అందుకుంటే మూతకు ఉండే గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. లోపలికి గాలి రాకపోతే పెట్రోలు కిందికి దిగదు. కొత్తగా పెయింటు వేసిన బండి కాబట్టి ఆ రంధ్రంలో రంగు చేరిందేమో తప్పకుండా చూడండి. మూత తీసినా మార్పు లేకపోతే ట్యాంకు అడుగున తుప్పు, పెట్రోలు ట్యాప్, కార్బొరేటర్ జెట్ వరుసగా చూడాలి. నడుస్తుండగా చోక్ కొంచెం లాగితే పికప్ వస్తోందంటే పెట్రోలు తక్కువ అందుతోంది, లేదా ఎక్కడో గాలి లీకవుతోంది.

పొగ సంగతి వేరు. టూ స్ట్రోక్ బండి కొంత పొగ వదలడం సహజం. కానీ తెల్లటి పొగ దట్టంగా వస్తూ గేర్ ఆయిల్ మట్టం తగ్గుతుంటే, క్లచ్ వైపు క్రాంక్ ఆయిల్ సీల్ పోయి గేర్ ఆయిల్ ఇంజనులోకి లాగేస్తోందని అనుమానించాలి. ఫ్లైఓవర్ ఎక్కలేకపోవడానికి సైలెన్సర్‌లో పేరుకున్న మసి కూడా కారణం కావచ్చు.

లాయరు ఇవన్నీ ఎందుకు చెబుతున్నాడని అనుకోకండి, మీ కేసు బలం వీటిలోనే ఉంది. వాట్సాప్‌లో వచ్చిన ఆ కాగితం ముందు పెట్టుకోండి. అందులో ‘ఆయిల్ సీల్ సెట్, ట్యాంకు క్లీనింగ్, కొత్త కార్బొరేటర్’ లాంటివి రాసి ఉండి, విప్పి చూస్తే లోపల పాత సీలే ఉంటే, అది పనితనం తక్కువవడం కాదు, చెయ్యని పనికి డబ్బు తీసుకోవడం. దాని ముందు ఏ వాదనా నిలవదు. అదే గాలి రంధ్రం మూసుకుపోవడం ఒక్కటే కారణమైతే, మొహమాటపడకుండా మెకానిక్‌కు చెప్పి సరిచేయించుకోండి. దానికి కోర్టు అక్కర్లేదు.

విప్పేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయించండి. తీసిన భాగాలు పారెయ్యకుండా కవర్లో పెట్టి తేదీ వెయ్యండి. చూసిన మెకానిక్ చేత ఏం చూశాడో సంతకంతో రాయించుకోండి, తర్వాత దాన్నే అఫిడవిట్ చేయవచ్చు. ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చెప్పే పాలిటెక్నిక్ లెక్చరర్ ఎవరైనా చూసి రాసిస్తే ఇంకా మంచిది. విప్పే ముందు, ఫలానా రోజు తనిఖీ చేయిస్తున్నాం, మీరూ రావచ్చని మొదటి మెకానిక్‌కు ఒక మెసేజ్ పెట్టండి. అతను రాకపోయినా, మీరు దాపరికం లేకుండా వ్యవహరించారని రికార్డవుతుంది.

ఇథనాల్ వాదనకు భయపడనక్కర్లేదు. పాత బండ్ల రబ్బరు పైపులు, సీళ్ల మీద ఇథనాల్ ప్రభావం ఉంటుందన్న మాట నిజమే. కానీ ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలేనని, పాత స్కూటర్ల పనే వృత్తిగా చేసే మనిషికి బండి తీసుకున్న రోజే తెలుసు. దానికి తగిన రబ్బరు భాగాలు వెయ్యడం, కాదంటే ముందే చెప్పడం అతని బాధ్యత. డబ్బు తీసుకున్నాక ఆ మాట చెబితే చెల్లదని నా గట్టి అభిప్రాయం.

బంకు మీద మాత్రం వద్దు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. కల్తీ అనుమానమైతే అది వేరే విషయం. బంకులోనే ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ చూపించమని అడిగే హక్కు మీకుంది. అయితే బిల్లు, శాంపిల్ రెండూ లేకుండా నెలల తర్వాత వేసే కేసు నిలవదు. అన్నట్టు, టూ స్ట్రోక్ బండి కాబట్టి పెట్రోల్లో ఆయిల్ మీరెంత కలిపారని మెకానిక్ తప్పకుండా అడుగుతాడు. లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే 2 శాతం, అలవాటుగా కలిపే లెక్క. మీరు ఎంత కలుపుతున్నారో రాసి పెట్టుకోండి.

ఫిర్యాదుకు విజయవాడ వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వెయ్యవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే కొన్నిసార్లు అక్కడే రాజీ కుదురుతుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతే, దాన్ని ఫిర్యాదులో విడిగా రాయండి. ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లకు ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయండి.

ఆర్సీ విషయం ఇక ఆలస్యం చేయకండి. వారసుడిగా ఫారం 31తో రవాణా శాఖలో మీ పేరు మీదకు మార్పించుకోండి. ఇన్సూరెన్సు లేకుండా, ఆర్సీ గడువు చూసుకోకుండా రోడ్డెక్కితే రేపు ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు నష్టం మీ మీదే పడుతుంది. బాగా పాత బండ్లకు విడిగా ఇచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి ఎవరైనా చెబితే ప్రస్తుతానికి పట్టించుకోకండి. 2021 నిబంధనల ప్రకారం దానికి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, పైగా ఆ బండిని రోజువారీ వాడకానికి తిప్పకూడదు.

తనిఖీ పూర్తయ్యేదాకా బండి మళ్లీ ఆ షెడ్డుకు ఇవ్వకండి. కొత్తగా పని చేశానంటే, కూలి ముట్టేదాకా బండి ఆపుకొనే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 అతనికి ఇస్తుంది. ఇవ్వక తప్పకపోతే, పాత పని లోపాన్ని ఉచితంగా సరిచేయడానికే ఇస్తున్నట్టు రాయించుకుని సంతకం తీసుకోండి. ఆగిపోతున్న బండిని అలాగే తిప్పడం కూడా ఆపండి. పెట్రోలు సరిగా అందక పిస్టన్ పట్టేస్తే, అది మీరు నడపడం వల్లే పాడైందని అతను వాదించడానికి మీరే దారి ఇచ్చినట్టవుతుంది.