మధ్యలో మీరెందుకమ్మా?

"మా అబ్బాయి ఆస్టిన్‌లో ప్రీమెడ్, అంటే మెడిసిన్‌కి ముందు చదివే డిగ్రీ, మూడో సంవత్సరం. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి గ్రేడు వచ్చింది. అప్పట్నుంచీ మావారు వాడితో మాట్లాడ్డం లేదు. ఏప్రిల్‌లో మెడిసిన్ ఎంట్రన్స్ ఎంక్యాట్ రాసి మేలోనే అప్లై చెయ్యాలని ఆయన పట్టు. వాడేమో ఏడాది ఆగుతానంటాడు. గ్యాప్ వస్తే మా ఆడపడుచుకి ఏమని చెప్పుకోను? ఆవిడ కూతురికి నిరుడే సీటొచ్చింది. ఎవరి మాట వినమంటారు?"
– ఓ తల్లి, డల్లాస్

అమ్మా, పిల్లాడి మాటే వినండి. అమెరికాలో మెడిసిన్‌లో చేరేవాళ్లలో డిగ్రీ అయ్యాక ఏడాదో రెండేళ్లో ఆగి చేరేవాళ్లే ఎక్కువ. ఎంక్యాట్ అంటే ఏడున్నర గంటల పరీక్ష. సరిగ్గా రాయకపోతే మళ్లీ రాసుకోవచ్చు గానీ, పాత స్కోరు చెరిగిపోదు, కాలేజీవాళ్లకి కనబడుతూనే ఉంటుంది. సి వచ్చిన సబ్జెక్టు మళ్లీ చదివినా అంతే, పాత గ్రేడునీ లెక్కలో కలుపుతారు. పరీక్షకి చదవడం పూర్తికాకుండానే వాణ్ని తోస్తే తీరేది మీవారి ఆత్రమే. ఇక మీ ఆడపడుచు. ఆవిడకి మీరు సంజాయిషీ ఇచ్చుకోవడం దేనికి?

నాకు గుచ్చుకున్నది వేరే. "రాత్రి ఆయన పడుకున్నాక వాడి పాస్‌వర్డ్‌తో గ్రేడ్లు చూస్తాను, పొద్దున కాఫీ ఇస్తూ ఆయనకి చెప్తాను" అని ఉత్తరంలో ఇంకోచోట మామూలు విషయంలా రాశారు. కాలేజీలో చేరాక ఆ గ్రేడ్ల మీద హక్కు అక్కడి చట్టం ప్రకారం పిల్లాడిదే. చట్టం అటుంచండి, దొంగచాటుగా చూసే పని మీకెందుకొచ్చింది? తండ్రీ కొడుకులు మాట్లాడుకోరు కాబట్టి. వాడు "నాన్నకి చెప్పకమ్మా" అంటాడు. ఆయన "వాడికి చెప్పు" అంటారు. కబుర్లన్నీ మీ చేతి మీదుగా నడుస్తున్నాయి. ఇద్దరికీ మంచిగా ఉండాలని ఇటు కొంత దాస్తారు, అటు కొంత కలుపుతారు. ఇది కాపురాన్ని నెట్టుకురావడమని మనకి నేర్పారు. నేనొప్పుకోను. ఇరవయ్యేళ్లు దాటిన కొడుకు ముందు కూర్చుని తన కోపం తనే చెప్పుకోవడం తండ్రి బాధ్యత. అది మీ నెత్తికెత్తుకుంటే ఆయన్ని అసమర్థుణ్ని చేస్తున్నట్టే.

మీవారికి ఎంసెట్‌లో మెడిసిన్ సీటు రాలేదని ఉత్తరం చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ సంగతి కొడుక్కి తెలుసా? తెలిస్తే ఆయన నోట విన్నాడా, మీ నోటా? ఆ సీటు పోయిన రోజు ఆయనకి ఎలా ఉందో వాడు వినాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీ పేపరు ముందు వాడికేమయిందో ఆయన వినాలి. మీరు చెప్తే రెండూ చప్పబడిపోతాయి.

పాస్‌వర్డ్ మార్చుకోమని ఇవాళే వాడికి చెప్పండి, ఎందుకో కూడా దాచకుండా చెప్పండి. కోప్పడతాడు, పడనివ్వండి. ఆయన "వాడికి చెప్పు" అన్నప్పుడు ఫోను ఆయన చేతిలో పెట్టి మీ పని మీరు చూసుకోండి. మొదటివారం ఇల్లు బిగుసుకుపోతుంది, భరించండి. ఏడాది ఆగితే ఏ ఆసుపత్రిలో వాలంటీర్‌గా చేస్తాడో, పరీక్షకి ఎప్పుడు కూర్చుంటాడో వాడే తండ్రికి లెక్క చెప్పాలి, మీరు అందించకండి.

స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి వాణ్ని తీసుకురావడానికి ఆయన్ని ఒక్కరినే ఆస్టిన్ పంపండి. కారులో మూడు గంటల దారి. ఇంటికొచ్చాక ఏం మాట్లాడుకున్నారని ఇద్దర్నీ అడగకండి.