నాలుగు రంగులతో సొంత ముఖచిత్రం వేయవచ్చా?

వేయవచ్చు. ఒంగోలులో ఉంటూ చామనచాయ ముఖానికి నాలుగు ట్యూబులు చాలతాయా అని అడిగారు కాబట్టి చెబుతున్నాను: మన చాయకు అవి బాగానే సరిపోతాయి.

స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఇది. 1896లో ఆయన వేసుకున్న సొంత చిత్రంలో చేతిలోని రంగులు కలిపే పలకపై తెలుపు, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), ఎరుపు, నలుపు మాత్రమే కనిపిస్తాయి. జీవితమంతా ఆ నాలుగే వాడాడనుకోవద్దు, అవసరమైనప్పుడు నీలాలూ వాడాడు.

అసలు కిటుకు నలుపులో ఉంది. ఐవరీ బ్లాక్ అనే నలుపు రంగులో తెలుపు కలిపితే చల్లని బూడిద రంగు వస్తుంది. ఎరుపు, పసుపుల పక్కన అది నీలంలా భ్రమింపజేస్తుంది. అదే నలుపును ఓకర్‌తో కలిపితే ఆలివ్ పచ్చ. గడ్డం కింద నీడకు పనికొస్తుంది. మన చర్మానికి ఓకర్, ఎరుపులతో మొదలుపెట్టి, కాస్త నలుపుతో ముదురు చేయండి. తెలుపును నుదురు, ముక్కు మీది వెలుగుల కోసం దాచుకోండి. ముందే కలిపితే ముఖానికి సుద్ద పూసినట్టు ఉంటుంది. నేను రెండు కాన్వాసులు అలాగే పాడు చేశాను.

అద్దం పక్క కిటికీ ఉత్తరం వైపుదైతే వెలుగు త్వరగా మారదు. నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగులైతే మన మే నెల ఎండలకు పలక మీదే ఆరిపోతుంది, నీళ్లు చిలకరిస్తూ ఉండాలి.

వెనుక కొత్తపట్నం సముద్రం కావాలంటే మాత్రం ఐదో ట్యూబుగా నీలం కొనక తప్పదు.