ఉత్తరం వచ్చినంత మాత్రాన పిల్లలు దూరమైనట్టు కాదు

ఇంగ్లండ్‌లో ఉంటున్న మీ చెల్లెలికి కౌన్సిల్ (పిల్లల రక్షణ బాధ్యత కూడా చూసే అక్కడి స్థానిక ప్రభుత్వం) నుంచి ఉత్తరం వచ్చిందనీ, పిల్లల విషయంలో కోర్టుకు వెళ్లే ఆలోచనలో ఉన్నామని అందులో ఉందనీ, ఆమె భర్త పిల్లలిద్దరినీ వెంటనే విజయవాడ పంపేద్దామంటున్నాడనీ రాశారు. ముందు ఆ టికెట్లు కొననివ్వకండి. పిల్లలను దేశం దాటిస్తున్నారన్న అనుమానం కలిగితే, నెలల తరబడి మాట్లాడుకోవడానికి వీలున్న వ్యవహారం ఒక్క రోజులో అత్యవసర ఉత్తర్వు దాకా పోతుంది.

ఇలాంటి ఉత్తరం 2019లో మా ఇంటికీ వచ్చింది. రెండో కాన్పు తర్వాత నేను బాగా కుంగిపోయాను. రాత్రి డ్యూటీలు చేసి వచ్చే మావారు ఒకరోజు ఆరేళ్ల బాబును బెల్టుతో కొట్టారు. బాబు బడిలో చెప్పాడు, బడివాళ్లు కౌన్సిల్‌కు చెప్పారు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని మా అమ్మ ఫోనులో హెచ్చరించింది. నేనూ అదే పట్టుకున్నాను. కౌన్సిల్ పంపిన సోషల్ వర్కర్ ఏమడిగినా అంతా బాగుందనేదాన్ని. రెండుసార్లు తలుపే తీయలేదు. తీరా ఉత్తరం చూస్తే, కొట్టిన సంగతి రెండు వాక్యాల్లో ఉంది. తల్లి ఏమీ చెప్పడం లేదు కాబట్టి పిల్లలు ఎలా ఉన్నారో తెలియడం లేదన్నది పేజీ నిండా ఉంది.

ఆ ఉత్తరం అందిన తల్లిదండ్రులకు ఆదాయం ఎంతైనా సరే, ఈ దశలో లాయరు సలహా ఉచితం. మాకు జీతం వస్తోంది కదా, వర్తించదేమో అనుకుని పది రోజులు పోగొట్టుకున్నాం. పిల్లల కేసులు చూసే సొలిసిటర్ దగ్గరకు ఉత్తరం పట్టుకుని రేపే వెళ్లమనండి. దుభాషిని కూడా అడగాలి. మొదట్లో నా మాటలు మావారే అనువదించేవారు. నేను చెప్పుకోవలసిందేమో ఆయన గురించే. పిల్లలను కొన్నాళ్లు కౌన్సిల్ సంరక్షణలో ఉంచడానికి పిల్లల చట్టం సెక్షన్ 20 కింద అంగీకారం అడిగితే, లాయరు చూడనిదే సంతకం చేయవద్దు. అది స్వచ్ఛందం, తర్వాత వెనక్కి తీసుకోవచ్చు కూడా.

మా ఇంటిని నిలబెట్టింది మాత్రం కుటుంబ సమావేశం (ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్). పిల్లల క్షేమానికి ఏం చేయాలో బంధువులు, ఆప్తులు కూర్చుని తేల్చుకునే సమావేశం ఇది. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీల పద్ధతిని చూసి 1989లో అక్కడ చట్టంలో చేర్చారు, తర్వాత బ్రిటన్‌కు వచ్చింది. అధికారులు తమ భయాలేమిటో చెప్పి గది బయటకు వెళ్లిపోతారు. లోపల మనవాళ్లే మిగులుతారు. మా ఆడపడుచు వచ్చింది, పక్కింటి మలయాళీ నర్సు వచ్చింది, గుంటూరు నుంచి అత్తయ్య వీడియోలో ఉంది. బతకాలని లేదని నేను మొదటిసారి నోరు విప్పి చెప్పింది ఆ గదిలోనే. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొడుకుతో, “నీ చిన్నప్పుడు మీ నాన్న కొట్టినప్పుడల్లా నేను అడ్డం వచ్చాను. నా మనవడికి ఎవరు అడ్డం వస్తారు?” అంది. మావారు ఏడ్చారు. ఎవరు ఏ రోజు వస్తారు, నన్ను డాక్టరు దగ్గరకు ఎవరు తీసుకెళ్తారు, మావారు పగటి డ్యూటీకి ఎప్పుడు మారతారు, అన్నీ పేర్లతో సహా రాసి ఇచ్చాం. నాలుగు నెలలకు కోర్టు మాట విరమించుకున్నామని ఉత్తరం వచ్చింది. సోషల్ వర్కర్ ఆ తర్వాత కూడా కొంతకాలం వస్తూనే ఉంది.

ఇలాంటి సమావేశం ఒకటి ఉందని మొదటి నెలలోనే ఎవరైనా చెప్పి ఉంటే అసలు ఆ ఉత్తరమే వచ్చేది కాదేమో. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కౌన్సిల్ వాళ్లు చెప్పేదాకా ఆగకుండా మీ చెల్లెలే అడగాలి. కేసు కోర్టుకెక్కితే 26 వారాల్లో తేల్చాలని 2014 నాటి పిల్లలు, కుటుంబాల చట్టం చెబుతోంది. మనిషి మారి చూపించడానికి అది చాలా తక్కువ సమయం.

వీసా మీద ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు ఉందని భయపడుతున్నట్టు రాశారు. పిల్లల చట్టం సెక్షన్ 17 కింద కౌన్సిల్ ఇచ్చే సాయం ఆ షరతు కిందకు రాదు, నిర్భయంగా అడగవచ్చు. ఫ్యామిలీ రైట్స్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ ఫోనులో ఉచితంగా సలహా ఇస్తుంది.

సమావేశం తేదీ ఎప్పుడో ఇక్కడ రాయండి. ఆ రోజుకు ఏమేమి సిద్ధం చేసుకోవాలో నాకు తెలిసినంత చెబుతాను.