పోయిన రాక్ స్టార్ గిటార్ దొరికితే అది అదేనని ఎలా తేలుస్తారు?

ప్రశ్న: ఎప్పుడో డెబ్బైల్లో చోరీ అయిన రాక్ స్టార్ గిటార్ నలభై ఏళ్ల తర్వాత దొరికిందని వార్తల్లో వస్తుంటుంది. అది అదే గిటారని ఎలా తేలుస్తారు? సీరియల్ నంబర్ కలిస్తే సరిపోదా?

నంబర్ ఒక్కటే సరిపోదు. అసలు చాలాసార్లు వ్యవహారం నంబర్ దాకా వెళ్లదు, ఎందుకంటే పోగొట్టుకున్నవాళ్ల దగ్గర అది రాసిపెట్టి ఉండదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు అప్పోసప్పో చేసి గిటార్ కొనుక్కున్నప్పుడు రేపు తను పెద్ద స్టార్ అవుతానని, ఇది ఎవరో ఎత్తుకుపోతారని అనుకోడు కదా.

నేను టొరంటో దగ్గర ఉంటాను. ఉద్యోగం సాఫ్ట్‌వేరే. శనివారాలు మాత్రం ఒక గిటార్ రిపేర్ షాపులో చేతిసాయం చేస్తుంటాను. ఆ బల్ల దగ్గర కూర్చుని చూసిన అనుభవంతో చెబుతున్నాను: గిటార్‌లో మార్చడానికి వీల్లేనిది ఒక్క చెక్కే. ఫెండర్ గిటార్ తీసుకోండి. ఆ పాత రోజుల్లో నంబర్ ఉండేది వెనకవైపు, నెక్‌ని (తీగల కింద పొడవుగా ఉండే కర్రని) బాడీకి బిగించే నాలుగు స్క్రూల కింది రేకు మీద. స్క్రూడ్రైవర్ ఉంటే ఆ రేకు తీసి ఇంకో గిటార్‌కి బిగించడం చిటికెలో పని. పైగా ఫ్యాక్టరీలో ఆ రేకుల్ని వరసలో వాడలేదు, డబ్బాలోంచి చేతికందింది తీసి బిగించేవాళ్లు. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ దగ్గర 0001 నంబర్ ఉన్న 1954 స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ మోడల్, ముద్దుగా స్ట్రాట్) ఉండేది. 2019 వేలంలో 18 లక్షల డాలర్లు దాటింది. అయినా ఫెండర్ తయారుచేసిన మొట్టమొదటి స్ట్రాట్ అది కాదు. నంబర్ చూసి ఊహించుకుంటే అంతే సంగతులు.

మీరు అడిగినదానికి అచ్చంగా సరిపోయే కేసు మా ఊరిదే. రాండీ బాచ్‌మన్ అని కెనడా రాకర్, ద గెస్ హూ, ఆ తర్వాత బాచ్‌మన్-టర్నర్ ఓవర్‌డ్రైవ్ బ్యాండ్‌ల మనిషి. కుర్రాడిగా ఉన్నప్పుడు పచ్చిక కోసి, కార్లు కడిగి కూడబెట్టిన 400 డాలర్లతో గ్రెట్ష్ అనే కంపెనీ 1957లో చేసిన నారింజరంగు 6120 మోడల్ గిటార్ కొనుక్కున్నాడు. హోటళ్లలో దిగితే బాత్రూంలో కమోడ్‌కి గొలుసుతో కట్టేసేంత జాగ్రత్త. అలాంటి గిటారే 1976లో టొరంటో హోటల్లోంచి పోయింది. పోలీసులు, గిటార్ షాపులు, తెలిసినవాళ్లు, ఎవరిని అడిగినా ఆచూకీ లేదు. ఆ బాధలో ఆయన కనబడిన గ్రెట్ష్‌నల్లా కొంటూ పోయాడు, వందల్లో.

2020లో, కోవిడ్ సమయంలో, బ్రిటిష్ కొలంబియాలో ఉండే ఒక అభిమాని దీన్ని పట్టుకున్నాడు. ఇంట్లోంచి కదలకుండానే. బాచ్‌మన్ పాత వీడియోలో గిటార్ ముందు పలక మీద చిన్న నల్లటి ముడి ఒకటి కనబడింది, చెట్టుకి కొమ్మ మొలిచిన చోట చెక్కలో మిగిలే ముడి. ఆ మనిషి నెట్‌లో దొరికిన నారింజరంగు గ్రెట్ష్ ఫోటోలన్నీ పోగేసి, ఇమేజ్ సాఫ్ట్‌వేర్ సాయంతో ఒక్కొక్కటే పోల్చి పక్కన పెట్టుకుంటూ పోయాడు. టోక్యోలోని పాత గిటార్ల షాపు పెట్టిన ఒక ఫోటోలో ఆ ముడి అదే చోట కనబడింది. తర్వాత ఒక జపాన్ సంగీతకారుడు ఆ గిటార్ వాయిస్తున్న యూట్యూబ్ వీడియో కూడా దొరికింది. ఆయన పేరు టకేషి. ఇది దొంగసొత్తని తెలియకుండా కొనుక్కున్నవాడు. బాచ్‌మన్ అదే వారంలో తయారైన జోడీ గిటార్ వెతికి తెచ్చి ఇస్తే, 2022 జులై 1న, కెనడా డే రోజున, టోక్యోలోని కెనడా ఎంబసీలో ఇద్దరూ గిటార్లు మార్చుకున్నారు. తను దొంగిలించకపోయినా తిరిగి ఇచ్చేశాడు చూడండి, నాకైతే ఈ మొత్తం కథలో పెద్దమనిషి ఆయనే.

ఇక్కడ అదృష్టం కూడా ఉంది. 6120 మీద వేసే నారింజరంగు పారదర్శకం, కింద మేపుల్ చెక్క చారలు స్పష్టంగా కనబడతాయి. మన పదో తరగతి సర్టిఫికెట్‌లో రాసే పుట్టుమచ్చల్లాంటివి అవి. ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు తయారైన రెండు గిటార్ల మీద చారలు ఒకేలా ఉండవు.

మాకు ఎదురైన ఒక కేసు చెబుతాను. ఇక్కడే ఉండే తెలుగాయన ఒకరికి పాత గిటార్ల పిచ్చి. అరవైల నాటి సన్‌బర్స్ట్ స్ట్రాట్ ఒకటి అమ్మకానికి వచ్చిందని, అది ఒక పేరున్న గిటారిస్ట్ స్టేజి మీద వాయించినదని అమ్మేవాడు చెబుతున్నాడని షాపుకి తెచ్చారు. రెండు రోజులు చూసుకోమని అడ్వాన్స్ తీసుకుని ఇచ్చాడట. ఆ గిటారిస్ట్ పేరు ఇక్కడ అనవసరం. దాంతోపాటు ఒక ఉత్తరం: "మా మామయ్య ఆయన దగ్గర సామాను మోసేవాడు, ఆయనే ఇచ్చాడు" అని.

"ఉత్తరం ఉంది కదా తమ్ముడూ, ఇంకేం కావాలి?" అన్నారాయన.

"ఉత్తరం ఎవరైనా రాస్తారన్నా. ముందు విప్పి చూద్దాం" అన్నాను.

తీగలు వదులు చేసి నెక్ ఊడదీశాం. నెక్ మడమ (బాడీలో కూర్చునే చివర) మీద సిరాతో కొట్టిన ముద్ర ఉంది: మోడల్ అంకె, నెల, సంవత్సరం, చివర 'బి' అక్షరం. ఆ బి నట్ దగ్గర, అంటే పైచివర తీగలు ఆనే చోట, నెక్ వెడల్పుని చెబుతుంది. ముద్ర 1966ది. పిక్‌గార్డ్ (ముందువైపు ప్లాస్టిక్ పలక) ఎత్తితే వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్‌ల వీపు మీద అంకెలు కనబడతాయి. 1376612 లాంటి అంకె ఉంటే 137 తయారుచేసిన కంపెనీ కోడ్ (సీటీఎస్), 66 సంవత్సరం, 12 వారం. ఇందులో ఒక మెలిక ఉంది. 1966లో ఫెండర్ పాట్‌లు పెద్ద మొత్తంలో కొని పెట్టుకుంది, అందుకే ఆ తర్వాతి ఏళ్ల గిటార్లలోనూ 66 పాట్‌లే దొరుకుతాయి. అంటే పాట్ చెప్పేది "ఇంతకంటే పాతది కాదు" అని మాత్రమే. సోల్డరింగ్ మాసిపోయి, ఎవరూ కదపనట్టు ఉంది. హెడ్ (నెక్ పైచివర, తీగలు బిగించే చోటు) కూడా పెద్ద సైజుదే, 1965 చివరి నుంచి వచ్చిన రకం. అన్నీ పొసిగాయి. గిటార్ నిఖార్సైన అరవై ఆరుదే. ఆయన మొహం వెలిగిపోయింది.

కానీ అది ఎప్పటిదో తేలింది, ఎవరిదో తేలలేదు. ఈ రెండూ వేరు ప్రశ్నలు. అమ్మేవాళ్లు మొదటిదానికి జవాబు చూపించి రెండోదానికి డబ్బు అడుగుతారు.

ఆ గిటారిస్ట్ స్టేజి ఫోటోలు పెద్ద సైజువి వెతికి, మా గిటార్‌ని అదే కోణంలో, పక్క నుంచి పడే వెలుతురులో ఫోటో తీశాం. ఫ్లాష్ వేస్తే వార్నిష్ మెరిసి చారలు మాయమైపోతాయి. రెండు ఫోటోల్లోనూ బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) ముందున్న ఆరు స్క్రూలూ ఒకదాని మీద ఒకటి పడేలా స్క్రీన్ మీద జరిపి, చారలు ఎక్కడ దాటుతున్నాయో చూశాం. సన్‌బర్స్ట్‌లో అంచుల దగ్గర రంగు ముదురుగా ఉంటుంది, అక్కడ చూసి లాభం లేదు. మధ్యలో పసుపు ఉన్న చోటే చూడాలి. పాత ఫోటోల్లో అంతకంటే ముందే చూసుకోవాల్సింది ఇంకోటి ఉంది: నెగటివ్ తిరగేసి అచ్చువేశారేమో అని. కుడిచేతివాడు ఎడమచేతివాడిలా కనబడతాడు, అప్పుడు హెడ్ మీది అక్షరాలు చదివితే తెలిసిపోతుంది. హెండ్రిక్స్ లాంటివాళ్లు కుడిచేతి గిటార్‌ని తిరగేసి వాయించారు కాబట్టి చేతిని బట్టి నిర్ణయించకూడదు.

ఫోటోలోని గిటార్‌కి బ్రిడ్జ్ వెనక ఒక వెడల్పాటి చార వంపు తిరిగి అంచు వైపు పోతోంది. మా బల్ల మీది గిటార్‌కి ఆ చోట సన్నటి గీతలు, నిలువుగా. వేరే చెట్టు. అంతే, ఇంకేం చూడక్కర్లేదు. మామయ్య సంగతి మామయ్యకే తెలియాలి! మా తెలుగాయన మామూలు పాత గిటార్ ధరకి బేరం చేసి కొనుక్కున్నారు, ఇప్పటికీ వాయిస్తున్నారు.

చెక్క కనబడని గిటార్ల సంగతి వేరు. గిల్మర్ 'బ్లాక్ స్ట్రాట్' 2019లోనే దాదాపు 40 లక్షల డాలర్లకి పోయింది. అది సన్‌బర్స్ట్ మీద నల్లరంగు కొట్టిన గిటార్, చారలు చూడలేం. దాని నెక్, పికప్‌లు (తీగల శబ్దాన్ని కరెంటు సంకేతంగా మార్చే ముక్కలు), పిక్‌గార్డ్ అన్నీ మారాయి. అలాంటివాటికి గాయాలే గుర్తు. ఒకప్పుడు వేరే సాకెట్ కోసం తొలిచి పూడ్చిన రంధ్రం, ఎనభైల్లో కాలర్ కంపెనీ ట్రెమొలో (స్వరాన్ని ఊపే పిడి ఉన్న బ్రిడ్జ్) బిగించడానికి చెక్క చెక్కేసి మళ్లీ నింపిన చోటు. అవి రంగు కింద ఉండి తీరాలి.

బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ హోఫ్‌నర్ కంపెనీ బాస్ గిటార్‌కి ఇంకో సౌలభ్యం ఉంది. 1961లో హాంబర్గ్‌లో కొన్నది, 1972లో లండన్‌లో వ్యాన్‌లోంచి పోయింది, దొరికిన సంగతి 2024 ఫిబ్రవరిలో ప్రకటించారు. తొలి రోజుల మోడల్ కాబట్టి రెండు పికప్‌లూ పక్కపక్కనే ఉంటాయి. దానికితోడు 1964లో రిపేర్ చేసినప్పుడు రంగు మార్చి, పికప్‌ల చుట్టూ చెక్క ఫ్రేమ్ కట్టారు. అలాంటి ఫ్రేమ్ ఫ్యాక్టరీలోంచి రాదు.

గీతలు, సొట్టలు, పెచ్చులూడిన రంగు చూసి మాత్రం నమ్మకండి. ఐర్లండ్ గిటారిస్ట్ రోరీ గాలహర్ 1961 స్ట్రాట్ మీద రంగు దాదాపు మొత్తం లేచిపోయింది. ఫెండరే ఆ అరుగుదలని మచ్చమచ్చకీ దించి నకళ్లు అమ్మింది. రంగు ఊడినట్టు చెయ్యొచ్చు, చారలు పుట్టించలేరు.

మీ దగ్గర నిజంగా అలాంటి గిటార్ ఉంటే తుడవకండి, పాలిష్ పెట్టకండి, సోల్డరింగ్ ముట్టుకోకండి. బ్రిడ్జ్ చుట్టూ ఉన్న భాగం, నెక్ మడమ, పాట్‌ల వీపు, ఈ మూడూ పగటి వెలుతురులో ఫోటో తీసి కామెంట్‌లో పెట్టండి. ఎవరి గిటారని చెబుతున్నారో వాళ్ల పాత స్టేజి ఫోటో ఏదైనా ఉంటే దాన్నీ జతచేయండి, ఎంత పెద్ద సైజు దొరికితే అంత మంచిది.