కథ వినిపించడానికి 7 లక్షలు అప్పు చేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. హైదరాబాద్‌లో ఒక బీమా కంపెనీలో పనిచేస్తున్నాను. నాకు చేతికొచ్చే జీతం 62 వేలు, మావారికి 55 వేలు. ఇంటి లోన్ ఈఎంఐ 31 వేలు. అయిదేళ్ల పాప ఉంది. ఎఫ్‌డీలో 3 లక్షలు, 12 తులాల బంగారం ఉన్నాయి. రిజిస్టర్డ్ కంపెనీలో 5 లక్షల చీటీకి నెలకు 10 వేలు కడుతున్నాం, 22 నెలలు అయింది. నేను రాసిన హారర్ కథను 10 ఎపిసోడ్ల ఆడియో సిరీస్‌గా తీసి, పాడ్‌కాస్ట్‌గా సొంతంగా విడుదల చేయాలని నా కోరిక. ఖర్చు 7 లక్షలని తేలింది: ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చడానికి, మైకులకు 2 లక్షలు, నటీనటులకు లక్షన్నర, సౌండ్ డిజైన్, ఎడిటింగ్‌కు లక్షన్నర, సంగీతానికి 80 వేలు, పోస్టర్లకు, ప్రచారానికి లక్షా 20 వేలు. మా చిన్నాన్న రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు ఇస్తానన్నారు. ఆఫీసులో ఆరుగురు తలా 50 వేలు పెడతామని, లాభంలో వాటా ఇవ్వమని అడుగుతున్నారు. డల్లాస్‌లో ఉన్న మా అక్క, ఆమె స్నేహితులు కూడా పంపిస్తామంటున్నారు. బ్రిటన్‌లో ఇలాంటి సిరీస్‌కే లక్షల పౌండ్లు వచ్చాయని చదివాను. ఎవరి డబ్బు తీసుకోమంటారు?

జవాబు: చిన్నాన్న డబ్బు వద్దు. ఆఫీసు వాళ్ల డబ్బు అసలే వద్దు. డల్లాస్ డబ్బు తీసుకోవచ్చు, కానీ వాళ్లు పంపాలనుకుంటున్న పద్ధతిలో కాదు. అన్నిటికన్నా ముందు, మీకు 7 లక్షలు అవసరం లేదు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 4 లక్షల మీద నెలకు 8 వేలు. రిహార్సల్స్, రికార్డింగ్, ఎడిటింగ్ అన్నీ అయి మొదటి ఎపిసోడ్ బయటికి రావడానికి ఆరు నెలలు పట్టిందనుకోండి, ఒక్కరు కూడా వినకముందే 48 వేలు వడ్డీకి పోతాయి. పోనీ విడుదలయ్యాక డబ్బు వస్తుందా? యూట్యూబ్‌లో పెడితే, ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4 వేల గంటల వీక్షణ ఉండాలి. మీ ఎపిసోడ్ 25 నిమిషాలు అనుకుంటే, చివరిదాకా 9,600 సార్లు వింటే గానీ ఆ గంటలు పూర్తికావు. అది గేటు మాత్రమే, ఆదాయం ఆ తర్వాత మొదలవుతుంది, అదీ చిల్లరగా. అంటే చిన్నాన్న అప్పు తీర్చేది సిరీస్ కాదు, మీ జీతమే. ఇద్దరి జీతాల్లోంచి ఈఎంఐ, చీటీ పోగా మీకు మిగిలేది 76 వేలు. ఇంటి ఖర్చు, పాప స్కూలు ఫీజు అందులోనే. దాని మీద ఇంకో 8 వేల బరువు పెట్టొద్దు.

చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్రా లోన్ సంగతి ఎవరో ఒకరు చెప్తారు. శిశు విభాగంలో 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, నిజమే. కానీ అదీ అప్పే, దానికీ నెలనెలా కట్టాలి. బంగారం తాకట్టు పెట్టినా అంతే. చీటీ పాడొద్దు. పాటలో తగ్గించుకున్న సొమ్ము అక్కడికక్కడే నష్టం, పైగా జామీను కోసం ఇద్దరు ముగ్గురిని బతిమాలాలి. ఆ చీటీ పాప చదువు కోసం అనుకుని అలాగే ఉంచండి.

ఇక ఆఫీసు వాళ్లు. ఈ ఆరుగురి డబ్బు చూడ్డానికి చౌక, వడ్డీ లేదు. నా లెక్కలో ఇదే అన్నిటికన్నా ఖరీదైనది. లాభంలో వాటా అన్నారు. లాభం అంటే ఏమిటి? మీరు రాసిన స్క్రిప్టుకు, పెట్టిన సమయానికి విలువ కట్టాకా, కట్టకుండానా? రేపు ఈ కథను ఎవరైనా వెబ్ సిరీస్‌గా తీస్తామంటే అందులోనూ వాళ్లకు వాటా ఉంటుందా? రాత లేకుండా తీసుకుంటే ఇవన్నీ లంచ్ టేబుల్ దగ్గర తేలాల్సిన తగాదాలు. రాసుకుంటే మీరు ఏడుగురు కలిసి వ్యాపారం చేస్తున్నట్టే, నష్టం కూడా అందరికీ పంచాలి. దానికి వాళ్లెవరూ సిద్ధంగా లేరని మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది.

ఇంకో ప్రమాదం ఉంది. ఈ ఆరుగురితో మొదలైనది ‘మా సిరీస్‌లో పెట్టుబడి పెట్టండి, ఏడాదిలో లాభంతో ఇస్తాం’ అనే వాట్సాప్ స్టేటస్‌గా మారడానికి ఎంతోసేపు పట్టదు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు సేకరించడాన్ని 2019లో వచ్చిన చట్టం నిషేధించింది. దానికి జైలు శిక్ష దాకా ఉంది. బంధువులు ఇచ్చే అప్పు ఆ చట్టం కిందికి రాదు గానీ, తెలిసినవాళ్ల తెలిసినవాళ్లు బంధువులు కారు. విదేశాల్లోలాగా ఆన్‌లైన్‌లో జనానికి వాటాలు అమ్మి డబ్బు సమీకరించే పద్ధతి మీద స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014లో చర్చాపత్రం తెచ్చింది, కానీ దాన్ని అనుమతించే నిబంధనలు రాలేదు. కాబట్టి ‘పెట్టుబడి’, ‘రిటర్న్స్’ అన్న మాటలు మీ ప్రచారంలో ఎక్కడా రాకూడదు.

అసలు పని ఇప్పుడు. మీ బడ్జెట్ చూద్దాం.

మొదటి పద్దు, ఇంట్లో స్టూడియో, 2 లక్షలు. దీన్ని మొత్తంగా కొట్టేయండి. మీరు స్టూడియో వ్యాపారం పెట్టడం లేదు, ఒక కథ తీస్తున్నారు. హైదరాబాద్‌లో డబ్బింగ్ స్టూడియోలకు కొదవ లేదు, గంటల లెక్కన అద్దెకిస్తారు. ఆకాశవాణి నాటకాలు ఎలా తయారయ్యేవో గుర్తు చేసుకోండి. నటులు ముందు కూర్చుని స్క్రిప్టు చదువుకుని, ఎవరు ఎక్కడ మైకుకు దగ్గరగా రావాలో, ఎక్కడ దూరం జరగాలో రిహార్సల్‌లోనే తేల్చుకుని, తర్వాతే రికార్డింగ్‌కు వెళ్లేవారు. కాగితం తిప్పే చప్పుడు కూడా మైకులో పడకుండా పేజీలు పట్టుకునేవారు. మీరూ రిహార్సల్స్ మీ హాల్లో, ఫ్యాన్ కింద, టీ ఖర్చుతో చేసుకోండి. స్టూడియోలో మీటరు తిరుగుతున్నప్పుడు డైలాగు నేర్చుకోవడం కన్నా దండగ లేదు. ఆకాశవాణిలో గ్రేడు పొందిన నాటక కళాకారులు మీ ఊళ్లోనూ ఉంటారు. గొంతుతోనే పాత్రను నిలబెట్టడం వాళ్లకు తెలుసు, రీటేకులు తగ్గుతాయి. రీటేకు తగ్గడమంటే అద్దె తగ్గడమే.

రెండోది, 10 ఎపిసోడ్లు ఎందుకు? 6 చేయండి. కథ బిగుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. మీ లెక్క ప్రకారమే నటులకు ఎపిసోడ్‌కు 15 వేలు, సౌండ్‌కు 15 వేలు. ఈ రెండూ ఆరింటికి కలిపి లక్షా 80 వేలు. వీటిలో మాత్రం బేరం ఆడొద్దు. హారర్‌లో వినేవాడిని భయపెట్టేది సౌండే. స్టూడియో ఎపిసోడ్‌కు ఆరు గంటలు, గంటకు 800 చొప్పున వేస్తే దాదాపు 30 వేలు. మీ ఏరియా రేటు కనుక్కుని సరిచేసుకోండి. సంగీతం టైటిల్ మ్యూజిక్, నాలుగైదు బిట్లు చాలు, 40 వేలు. సినిమా పాట ముక్క కూడా వాడొద్దు, హక్కుల గొడవ. పోస్టర్లు, ప్రచారం 30 వేలు. మీ పద్దులో లేని మనిషి ఒకరున్నారు, రచయిత. ఎపిసోడ్‌కు 5 వేల చొప్పున మీ పేరున 30 వేలు రాయండి. అందరికీ ఇచ్చాక, చివర్లో తీసుకోండి. కానీ రాయండి. లేకపోతే రెండో సిరీస్‌కు కూడా మీరు ఉచితమే. ఇదంతా 3 లక్షల 10 వేలు. అనుకోని ఖర్చుకు ఇంకో 30 వేలు. మొత్తం 3 లక్షల 40 వేలు.

ఇందులో మొదటి 50 వేలు మీవే. ఎఫ్‌డీని అసలు తాకొద్దు, అది ఉద్యోగం పోతేనో, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతేనో పనికొచ్చే డబ్బు. నెలకు 10 వేల చొప్పున ఐదు నెలలు పక్కన పెట్టండి. ఈలోపు రిహార్సల్స్ అవుతాయి. ఆ డబ్బుతో మొదటి ఎపిసోడ్ ఒక్కటే పూర్తి చేసి, అందరికీ ఉచితంగా వినిపించండి.

బ్రిటన్ సిరీస్ అన్నారు కదా, అది రస్టీ క్విల్ సంస్థ తీసిన ‘ది మాగ్నస్ ప్రోటోకాల్’ అయి ఉంటుంది. 2022లో, జనం ముందే డబ్బు కట్టి ప్రాజెక్టులకు అండగా నిలిచే కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో 15 వేల పౌండ్లు అడిగితే 7 లక్షలకు పైగా వచ్చాయి. అందరూ చెప్పుకునేది ఇంతవరకే. దానికి ముందు ఆ సంస్థ 2016 నుంచి 2021 దాకా 200 ఎపిసోడ్ల మరో సిరీస్‌ను ఉచితంగా వినిపించింది. డబ్బు కట్టింది ఆ శ్రోతలే. మీకు 200 అక్కర్లేదు, కానీ సున్నాతో వెళ్లి అడగొద్దు.

మిగతా 2 లక్షల 90 వేలను అప్పుగానో పెట్టుబడిగానో కాక, ముందస్తు అమ్మకంగా తెచ్చుకోండి. 300 కట్టినవాళ్లకు అన్ని ఎపిసోడ్లూ రెండు వారాల ముందే, చివర్లో పేరు. 1,000 కట్టినవాళ్లకు దాంతోపాటు స్క్రిప్టు పీడీఎఫ్, తెరవెనుక ఆడియో. 5,000 కట్టినవాళ్లకు నటులతో కలిసి ఆన్‌లైన్‌లో స్క్రిప్టు చదివే ఒక సాయంత్రం. 300 కట్టేవాళ్లు 400 మంది, వెయ్యి కట్టేవాళ్లు 80, ఐదు వేలవాళ్లు 8 మంది వస్తే 2 లక్షల 40 వేలు. తగ్గిన 50 వేలు మళ్లీ మీ నెలసరి పొదుపు.

488 మంది. చిన్న సంఖ్యలా ఉంటుంది, కాదు. ‘సూపర్ అక్కా’ అని హార్ట్ సింబల్ పెట్టేవాళ్లు వేరు, ఫోన్‌పే తెరిచి 300 కొట్టేవాళ్లు వేరు. విన్నవాళ్లలో నూటికి ఐదుగురు కడితే గొప్ప అని నేననుకుంటాను. అంటే దాదాపు పది వేల మంది మొదటి ఎపిసోడ్ వినాలి. అందుకే ప్రచారం ఖర్చులో కొంత ఆ ఒక్క ఎపిసోడ్ మీదే పెట్టండి. గడువు నెల రోజులు. ఆలోపు సగం కూడా రాకపోతే, డబ్బు కట్టినవాళ్లకు వెనక్కి పంపించేయండి, లేదా వాళ్లను అడిగి మూడు ఎపిసోడ్ల కథగా కుదించండి. ఈ మాట మొదటిరోజే రాసి పెట్టాలి. వచ్చిన డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి, జీతం ఖాతాలో కలిపితే ఎవరిది ఎంతో మీకే తెలియదు. నేరుగా యూపీఐ అయితే చార్జీ ఉండదు. పేమెంట్ గేట్‌వే పెడితే సుమారు 2 శాతం, దాని మీద జీఎస్టీ పోతుంది.

డల్లాస్ సంగతి. అక్క మీకు పంపేది బహుమతి, తోబుట్టువుల మధ్య దానికి పన్ను లేదు. ఆమె స్నేహితులది అలా కాదు. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చిన బహుమతులు మొత్తం 50 వేలు దాటితే అంతా మీ ఆదాయంలో కలుస్తుంది. పైగా వాళ్లలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లుంటే విదేశీ విరాళాల చట్టం ప్రశ్న కూడా రావచ్చు. వస్తువుకో సేవకో కట్టిన ధర విరాళం కిందికి రాదు. అందుకే వాళ్లూ అందరిలాగే 300, 1,000, 5,000 కొనాలి. ఇండియాలో ఉన్నవాళ్లు కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టలేరు. అభిమానులు నెలనెలా డబ్బు కట్టే పేట్రియాన్ అనే వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు, కొత్తగా చేరేవాళ్ల దగ్గర 10 శాతం, పేమెంట్ చార్జీలు అదనంగా తీసుకుంటారు. అక్క పేరుతో కిక్‌స్టార్టర్ పెడదామంటారేమో, అప్పుడు ఆదాయం, అక్కడి పన్ను, శ్రోతలకు జవాబుదారీ అన్నీ అక్క మీద పడతాయి. ఆమెకు ఆ టెన్షన్ ఎందుకు?

ముందస్తు అమ్మకంగా వచ్చింది మీ వ్యాపార ఆదాయం. ఖర్చులు తీసేశాక మిగిలితేనే పన్ను. కాబట్టి ప్రతి బిల్లూ దాచండి, నటులకు కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. నష్టం వస్తే జీతం మీద పన్ను తగ్గుతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. వ్యాపార నష్టాన్ని జీతంలోంచి తీసేయడం కుదరదు. గడువులోగా రిటర్ను వేస్తే 8 ఏళ్ల దాకా వ్యాపార లాభాల్లోంచి తీసుకోవచ్చు. జీతం ఉన్నవాళ్లు మామూలుగా వేసే రిటర్ను ఫారం ఐటీఆర్-1 ఇకపై మీకు పనికిరాదు. జీఎస్టీ గురించి దిగులు అక్కర్లేదు, సేవలకు 20 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అవసరం లేదు.

మొదటి ఎపిసోడ్ బాగుంటే పాకెట్ ఎఫ్ఎం, కుకు ఎఫ్ఎం లాంటి ఆడియో కథల యాప్‌లతో మాట్లాడే అవకాశం రావొచ్చు. వాళ్లిచ్చే డబ్బు తీసుకోవడంలో తప్పు లేదు, కాకపోతే అది అప్పుడు మీ సొంత సిరీస్ కాదు. సంతకానికి ముందు రెండు విషయాలు చూడండి, ఎన్నేళ్లకు, ఏయే హక్కులు. కాపీరైట్ బదిలీ పత్రంలో కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకేనని మన చట్టం భావిస్తుంది. యాప్‌ల కాగితాల్లో ఆ ఖాళీలు ఉండవు, ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో’ అని నింపి ఉండొచ్చు. ఆడియో ఇవ్వండి, సినిమా, వెబ్ సిరీస్ హక్కులు మీ దగ్గర ఉంచుకోండి.

ఇదే జాగ్రత్త నటులతో, సౌండ్ చేసేవాళ్లతో మీరూ పాటించాలి. రికార్డింగుకు ముందే ఒక పేజీ ఒప్పందం, ఎంత ఇస్తున్నారో, ఆ గొంతును ఎక్కడెక్కడ వాడుకుంటారో. మీ ఉద్యోగ నియామక పత్రం కూడా ఒకసారి తీసి చదవండి. బయటి సంపాదనకు అనుమతి కావాలని అందులో ఉంటే, మొదటి 300 రూపాయలు తీసుకోకముందే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.